‘షేరు’ అను మాట: దాని పలు అర్థములు, సంఘ సభ్యులు ఎఱుంగవలసిన అర్థము

మెదకు పట్టణమునకు పనిమీద వచ్చిన రైతు చెవిని ‘షేరు’ అను ఇంగ్లీషు మాట ఒక్క దినమున నాలుగైదు మారులైనను పడక మానదు. ఊరినుండి బజారు వఱకు ఎక్కివచ్చినది షేరు ఆటో. సంఘ కార్యాలయమున అప్పు మంజూరైనప్పుడు ముందుగా మినహాయించినది షేరు ధనము. టీ కొట్టు వద్ద పత్రిక చదువువారు చర్చించునది షేరు మార్కెటు. చదువుకొన్న కుమారుడు వరి తెగులు ఫోటో తీసి ఫోనులో మేనమామకు పంపి ‘షేరు చేసితిని’ అనును. ఆ ఫోనుకే బ్యాంకు నుండి ‘ఓటీపీ ఎవరితోను షేరు చేయకుడు’ అని హెచ్చరిక వచ్చును.

మాట ఒక్కటి, పనులు అయిదు. ఇందువలన కలుగు చిక్కు చిన్నది కాదు. ‘బ్యాంకువారు షేరు చేయవద్దందురు, సంఘమువారు షేరు కట్టుమందురు, మేము ఎవరి మాట వినవలెను?’ అని సభ్యులు నవ్వుచు అడుగుట కలదు. ఆ నవ్వు వెనుక నిజమైన సందేహమున్నది. షేరు ధనమును కొందఱు కార్యాలయపు మామూలుగా భావించుచున్నారు. కొందఱు ముందుగా పట్టుకొన్న వడ్డీగా ఎంచుచున్నారు. మఱికొందఱు అది షేరు మార్కెటులో వలె ఏటేట పెరిగి ఒకనాడు పెద్ద మొత్తమగునని ఆశపడుచున్నారు. ఈ మూడు తలంపులును సరియైనవి కావు. మాట యొక్క అర్థము తెలియకపోవుటచే రైతు తన సొత్తును తానే ఎఱుగనివాడగుచున్నాడు. కావున ఈ మాట పుట్టుక మొదలుకొని సంఘపు షేరు వఱకు దాని అర్థములను వరుసగా వివరించుచున్నాము.

మాట పుట్టుక

‘షేరు’ అను మాటకు మూలార్థము కోత. ప్రాచీన ఇంగ్లీషు భాషలో కోయుట, కత్తిరించుట అను అర్థముగల ధాతువు నుండి ఇది పుట్టినది. కోసి వేఱుచేసిన ముక్కయే షేరు, అనగా భాగము. గొఱ్ఱెల ఉన్ని కత్తిరించుటకు ఇంగ్లీషులో ‘షియరు’ అని పేరు. పొట్టిదానిని ‘షార్టు’ అందురు. మనము తొడుగుకొను ‘షర్టు’ కూడ మొదట పొట్టిగా కోసిన వస్త్రమే. ఇవి యన్నియు ఒక్క కుటుంబపు మాటలు.

ఈ కుటుంబములోనే రైతునకు మిక్కిలి దగ్గఱిదగు మాట మఱొకటి కలదు. నాగలి కఱ్ఱును ఇంగ్లీషువారు ‘ప్లౌషేరు’ అందురు. నేలను కోయునది కనుక దానికి ఆ పేరు వచ్చినది. భాగమను అర్థముగల షేరును, కఱ్ఱు అను అర్థముగల షేరును చూచుటకు వేఱుగా నున్నను, రెండును కోత అను ఒక్క తల్లి బిడ్డలే. ఖడ్గములను సాగగొట్టి నాగలి కఱ్ఱులుగా మార్చుదురను భావము బైబిలులోని యెషయా గ్రంథమున కలదు. ఆ భావమును చూపు ఒక కంచు విగ్రహమును 1959లో సోవియట్టు ప్రభుత్వము న్యూయార్కులోని ఐక్యరాజ్య సమితికి బహూకరించెను. యుద్ధము మాని పంట పండించుటకు గుర్తుగా లోకము ఎన్నుకొన్న పనిముట్టు రైతుదే.

మన భాషలో దీనికి గల మాటలు

ఇంగ్లీషు మాట రాకముందు మనకు మాటలు లేకపోలేదు. భాగము, వంతు, పాలు అనునవి మనవే. మరాటీ పొరుగువలన వాటా వచ్చినది. ఉర్దూ కచేరీలవలన హిస్సా వచ్చినది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క తావు కలదు. అన్నదమ్ములు పంచుకొనునది వాటా. చెఱువు నీరు వరుసగా పారించుకొనునది వంతు. పంటలో పంచుకొనునది పాలు. దాయాదులను పాలివారనుట ఇందువలననే. ‘పాలు’ అను మాటకు కుడుచు పాలు అనియు, వంతు అనియు రెండర్థములుండుట పిల్లలకు కూడ తెలియును. చేజారిన దానిని నీటిపాలైనదనియు, గంగపాలైనదనియు అనుచుందుము. అనగా అది ఇక మన వంతున లేదని భావము.

ధ్వని పోలికవలన కలుగు పొరపాటును కూడ చెప్పవలెను. పెద్దలు సేరు అనునది తూకము. బ్రిటిషు ఇండియాలో ప్రమాణముగా నిర్ణయించిన సేరు 80 తులములు, అనగా సుమారు 933 గ్రాములు. 40 సేరులు ఒక మణుగు. మెట్రిక్ తూనికలు 1958 నుండి క్రమముగా అమలులోనికి వచ్చిన పిమ్మట అంగళ్ళలో సేరు పోయి కిలో నిలిచినను, పెద్దల నోట అది ఇంకను వినబడుచుండును. ఇక ఉర్దూలో షేర్ అనగా సింహము, వాడుకలో పులి; కొంచెము మార్చి పలికినచో ముషాయిరాలలో చదువు రెండు పాదముల కవిత. సేరు గింజలకును, సంఘపు షేరునకును సంబంధము లేదు. ఐనను, ‘సేరు ఎంత?’ అని అడిగిన ముసలి సభ్యునకు ‘పది రూపాయలు’ అని గుమాస్తా బదులిచ్చినచో, ఇద్దఱును సత్యమే పలికియు ఒకరి మాట ఒకరికి అందకపోవుట సంభవించును.

ఊరిలో నున్న షేరులు

మన జీవితమున షేరు అను భావము ఎన్ని విధములుగా నున్నదో విడదీసి చూచినచో సంఘపు షేరు స్వరూపము తేటపడును.

మొదటిది పుట్టుకవలన వచ్చు వాటా. ఇది వెల యిచ్చి కొనునది కాదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకులకు పుట్టుకతోనే హక్కు కలదని హిందూ ధర్మశాస్త్రము. కూతుళ్ళకును అట్టి హక్కును కలుగజేయుచు ఆంధ్ర ప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించినది. భారతదేశమంతటికిని అట్టి సవరణ 2005 సెప్టెంబరు 9 నుండి వచ్చినది. పుట్టుకవలన వచ్చు వాటాకు ఓటుతో పనిలేదు, చందాతో పనిలేదు.

రెండవది పంటలో పాలు. భూమి ఒకరిది, కష్టము మఱొకరిది. పండినది సగపాలుగానో, ఒప్పుకొన్న మఱొక లెక్కగానో పంచుకొందురు. నిర్ణీతమైన పైకమునకు గాని ధాన్యమునకు గాని ఇచ్చినచో అది కౌలు. కౌలు అను మాట అరబ్బీ నుండి వచ్చినది. మాట, వాగ్దానము అని దాని అర్థము. కౌలుదారు పంట పండినను ఎండినను చెప్పిన మాట చొప్పున చెల్లించును. పాలుకు చేయువాడు లాభమును పంచుకొనును, నష్టమును కూడ పంచుకొనును. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనవలెను. ఇది ముందు మనకు పనికివచ్చును.

మూడవది నీటి వంతు. మంజీర మీద 1905లో కట్టిన ఘనపురము ఆనకట్ట కాలువల క్రింద సాగుచేయువారికి ఇది చెప్పనక్కఱలేదు. పై రైతు తన వంతు మీఱి పారించుకొన్నచో కాలువ చివఱి రైతు మడి ఎండును. నీరటి వచ్చి వంతు ప్రకారము వదలునంత కాలము ఊరు శాంతముగా నుండును. ఇక్కడ షేరు అనగా సొత్తు మాత్రమే కాదు, క్రమము కూడ.

నాలుగవది ఖర్చులో వంతు. షేరు ఆటోలో ఎక్కినవాడు బండిలో భాగస్వామి కాడు. ఆ పయనపు ఖర్చులో మాత్రము భాగస్వామి. దిగినతోడనే సంబంధము తీరును. సంఘపు షేరును కొందఱు ఇట్టిదానినిగా తలంతురు: అప్పు పుచ్చుకొన్న దినమున చెల్లించితిమి, పని తీరినది, ఇక దానితో మనకేమి అని. ఇది పెద్ద పొరపాటు.

అయిదవది ఫోనులో షేరు చేయుట. ఇందులో ఒక విశేషము కలదు. భూమి పంచినచో తఱుగును. నీరు పంచినచో తఱుగును. ఫోటో పంచినచో తఱుగదు, పంపినవాని వద్దను ఉండును, పుచ్చుకొన్నవాని వద్దను ఉండును. తెలివియు అట్టిదే. తెగులు గుర్తును, విత్తనశుద్ధి విధానమును ఎందఱితో పంచుకొన్నను నష్టము లేదు, మేలే. కాని ఓటీపీ అట్టిది కాదు. అది ఇంటి పెట్టె తాళపుచెవి. ఇతరుల చేతికిచ్చిన మఱుక్షణమున పెట్టె మనది కాదు. కావున బ్యాంకువారు షేరు చేయవద్దన్నది ఆ తాళపుచెవిని. సంఘమువారు కట్టుమన్నది మూలధనమును. రెండు మాటలకును విరోధము లేదు.

కంపెనీ షేరు

ఆఱవది కంపెనీ షేరు. కంపెనీకి కావలసిన మూలధనమును చిన్న చిన్న భాగములుగా చేసి పలువురకు అమ్ముదురు. కొన్నవాడు ఆ భాగమునకు యజమాని. బజారులో దానిని ఎవరికైనను అమ్ముకొనవచ్చును. ధర హెచ్చవచ్చును, తగ్గవచ్చును. ఎన్ని షేరులో అన్ని ఓట్లు. నూఱు షేరులు గలవానికంటె పదివేల షేరులు గలవాని మాట నూఱింతలు చెల్లును.

ఈ బేరము యొక్క పోకడను ప్రత్తి రైతులు తెలిసికొనదగిన కథ ఒకటి కలదు. 1861 నుండి 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినప్పుడు అచ్చటి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు చేరకపోయెను. మన దేశపు ప్రత్తికి ఎన్నడు లేని ధర వచ్చి బొంబాయికి ధనము వెల్లువగా పాఱెను. ఆ ధనముతో వర్తకులు కొత్త కొత్త కంపెనీలు పెట్టి షేరులు అమ్మిరి. బ్యాక్ బే అను సముద్రతీరమును పూడ్చి నేల చేయుటకై పెట్టిన కంపెనీలో అయిదువేల రూపాయల షేరు పదింతలు మీఱిన ధర పలికెను. 1865లో యుద్ధము ముగిసినది. ప్రత్తి ధర పడినది. జూలై 1వ తేదీన బాకీలు తీర్చవలసిన గడువు రాగా కొన్నవారు చెల్లింపలేక పడిపోయిరి. గొప్ప గొప్ప సాహుకారులు దివాలా తీసిరి. ప్రత్తి పండించినవాడు ఒకడు, షేరు ఆడినవాడు మఱొకడు. ధర పడినప్పుడు ఇద్దఱును నష్టపడిరి.

కంపెనీ షేరు చెడ్డదని దీని భావము కాదు. తెలిసి కొన్నవారికి అది న్యాయమైన పెట్టుబడియే. కాని దాని స్వభావము వేఱు, సంఘపు షేరు స్వభావము వేఱు.

సంఘపు షేరు

1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలు అను మిల్లుల పట్టణమున 28 మంది పనివారు, వారిలో పలువురు నేతగాండ్రు, ఒక్కొక్కరు ఒక్కొక్క పౌను వేసికొని ఒక అంగడి పెట్టిరి. పౌను ఒక్కమారుగా ఇచ్చుకొను శక్తి లేక, వారమునకు రెండు మూడు పెన్నీల చొప్పున కూడబెట్టిరి. డిసెంబరు 21వ తేదీన అంగడి తెఱచిననాడు అందులో నున్న సరకు వెన్న, చక్కెర, పిండి, క్రొవ్వొత్తులు మాత్రమే. కాని వారు ఏర్పఱచుకొన్న నియమము గొప్పది: ఎవరి షేరు ఎంతయైనను మనిషికి ఓటు ఒక్కటే. కంపెనీలో ఓటు ధనమునకు; సంఘములో ఓటు మనిషికి. 1995లో మాంచెస్టరున సమావేశమైన అంతర్జాతీయ సహకార కూటమియు ఈ నియమమును సహకార సూత్రములలో నిలిపి యుంచెను.

మన దేశమున సహకార పరపతి సంఘముల శాసనము 1904లో వచ్చినది. 1912లో దానికంటె విశాలమైన శాసనము చేయబడినది. హైదరాబాదు సంస్థానమున ఫసలీ 1323లో అట్టి శాసనము ఏర్పడినది. ఆ తొలినాళ్ళ గ్రామ సంఘములకు అపరిమిత బాధ్యత నియమముగా నుండెడిది. అనగా సంఘము అప్పు తీర్చలేకపోయినచో సభ్యుని ఇల్లు, భూమి, పశువులు యావత్తును ఆ అప్పునకు లోబడును. జర్మనీలో రైఫైజను అను మహాశయుడు ఊరివారి పరస్పర నమ్మకముపై నెలకొల్పిన పద్ధతి అది. ఎవడు సోమరియో, ఎవడు పనివాడో ఊరంతయు ఎఱుంగును కనుక, ఒకరికొకరు పూచీ పడుట అక్కడ సాగినది.

కాని భూమి గలవాడు ఇట్టి పూచీకి భయపడి సంఘమునకు దూరముగా నుండుటయు కలదు. 1954లో ప్రకటింపబడిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలనా సంఘపు నివేదిక, సంఘముల బాధ్యతను షేరుల వఱకే పరిమితము చేయవలెననియు, ప్రభుత్వము కూడ షేరులు తీసికొని భాగస్వామి కావలెననియు సిఫారసు చేసెను. ఆ పిమ్మట షేరునకు ప్రాముఖ్యము హెచ్చెను. ఇప్పుడు పరిమిత బాధ్యత గల సంఘమున సభ్యుడు పూచీపడునది తాను కట్టిన షేరు వఱకే. సంఘము నష్టపడినచో ఆ షేరు పోవచ్చును. ఇల్లు పోదు, భూమి పోదు. తాను తీసికొన్న అప్పును తాను తీర్చుట మాత్రము వేఱు విషయము. దానికి ఈ పరిమితి లేదు.

ఇందువలన తెలియునది యేమి? సంఘపు షేరు పాలుకు చేయు సేద్యము వంటిది. కౌలు వంటిది కాదు. లాభములోను నష్టములోను అది సభ్యుని పక్షమున నిలుచును. సంఘపు కఱ్ఱు నేలలో దిగుటకు అదియే బరువు.

లెక్కతో ఒక దృష్టాంతము

ఒక సంఘపు ఉపనిబంధనలలో అప్పులో నూటికి 10 చొప్పున షేరు ఉండవలెనని యున్నదనుకొందము. షేరు ఒక్కటి 10 రూపాయలు. సభ్యుడు 60,000 రూపాయలు పంట అప్పు తీసికొనెను. అందులో 6,000 షేరు ధనముగా జమకట్టిరి. చేతికి 54,000 వచ్చినది. అతడు 600 షేరులకు యజమాని. ఓటు మాత్రము ఒక్కటే.

మఱుసటి యేడు అతడు అదే మొత్తము అప్పు తీసికొన్నచో మరల షేరు పట్టనక్కఱలేదు, ఏలయన కావలసిన షేరు అతని పేర మునుపే యున్నది. అప్పు 80,000కు పెంచినచో అదనపు 20,000పై మాత్రము 2,000 కట్టవలెను. వడ్డీయైనచో ఏటేట పోవును. షేరు పోలేదు; ఖాతాలో నిలిచి యున్నది. కావున ఇది ముందుగా పట్టుకొన్న వడ్డీ కాదు.

ఐనను రైతు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. వడ్డీ నూటికి 7 అనుకొన్నచో అది 60,000పై లెక్కింపబడి ఏడాదికి 4,200 అగును. కాని అతని చేతికి వచ్చినది 54,000 మాత్రమే. ఆ లెక్కన అతనికి పడిన భారము నూటికి సుమారు 7 రూపాయల 78 పైసలు. సంఘము లాభము గడించి షేరుపై నూటికి 5 చొప్పున డివిడెండు పంచినచో అతనికి 300 తిరిగివచ్చి, భారము నూటికి సుమారు 7 రూపాయల 22 పైసలకు దిగును. సంఘము ఏనాడును డివిడెండు పంచకపోయినచో ఆ భారము అట్లే నిలుచును. కావున ‘ఈ యేడు లాభమెంత? డివిడెండు ఏల లేదు?’ అని సర్వసభ్య సమావేశమున అడుగుట గొంతెమ్మ కోరిక కాదు, షేరుదారుని హక్కు. కాని ఒక సంగతి మఱువరాదు. లాభమంతయు పంచుటకు కాదు. 1912 నాటి శాసనమే నికర లాభములో నాలుగవ వంతుకు తగ్గకుండ రిజర్వు నిధికి చేర్చవలెనని నిర్దేశించెను. విత్తులకు గింజలు దాచుకొన్నట్లు ఇదియు అవసరమే.

సభ్యులు అడుగు ప్రశ్నలు

‘నా షేరును షేరు మార్కెటులో అమ్ముకొనవచ్చునా?’ అమ్మరాదు. సంఘపు షేరు బజారు సరకు కాదు. దాని విలువ ముఖవిలువయే. 10 రూపాయలకు కొన్న షేరు పదేండ్లకైనను 10 రూపాయలే. దాని ఫలము ధర పెరుగుటలో లేదు. తక్కువ వడ్డీ అప్పులోను, ఎరువు విత్తనముల సరఫరాలోను, ధాన్యపు కొనుగోలులోను, డివిడెండులోను ఉన్నది.

‘ధనికుడొకడు షేరులన్నియు కొని సంఘమును స్వాధీనము చేసికొనడా?’ ఈ భయమును శాసనకర్తలు మొదటనే ఊహించిరి. పరిమిత బాధ్యత గల సంఘమున వ్యక్తి యెవడును మూలధనములో అయిదవ వంతునకు మించి షేరులు కలిగి యుండరాదని 1912 నాటి శాసనము నిషేధించెను. పైగా ఎన్ని షేరులున్నను ఓటు ఒక్కటే.

‘నాకు బయట అప్పులున్నవి, సాహుకారు కోర్టు డిక్రీతో నా షేరును జప్తు చేయింపగలడా?’ సభ్యుని షేరును ఇతరుల బాకీకై జప్తు చేయరాదని 1912 శాసనమే రక్షణ కల్పించెను. సంఘమునకు తాను బాకీపడిన మొత్తమునకు మాత్రము సంఘము దానిని చెల్లుపెట్టుకొనవచ్చును.

‘సభ్యత్వము మానినను, మరణించినను ఆ ధనమేమగును?’ సంఘపు బాకీలు తీరిన పిమ్మట, ఉపనిబంధనల ననుసరించి షేరు ధనమును తిరిగి పొందవచ్చును. మరణించినచో నామినీకి గాని వారసులకు గాని చెందును. షేరు ఉన్నట్లే ఇంటివారికి తెలియనిచో అడుగువారెవరు? అడగనిదే అమ్మయైనను అన్నము పెట్టదను సామెత ఇక్కడ అక్షరాల చెల్లును. ఎవరును అడుగని షేరు గంగపాలగును.

‘అప్పు తీర్చకున్నను నేను షేరుదారుడనే కదా?’ షేరుదారుడే. కాని గడువు మీఱిన బాకీ గలవాడు పాలకవర్గమునకు నిలబడుటకు అర్హుడు కాడు. కాలువ పై తట్టున నీరు కట్టివేసికొని క్రింది రైతులకు న్యాయము చెప్పుట యెట్లు?

మోసగాండ్ర ‘షేరు’

ఈ మాట చాటున ఇటీవల దొంగలు కూడ చేరియున్నారు. వాట్సాపు గుంపులలో రైతులను చేర్చి, షేరు మార్కెటులో నెలకు రెండింతలు లాభమని చెప్పి, దొంగ యాపులలో లాభము పెరుగుచున్నట్లు అంకెలు చూపి, తుదకు పెట్టిన సొమ్మంతయు అపహరించుచున్నారు. తెరమీది అంకె పంట కాదు. నెలలో రెండింతలు పండు విత్తనము లేదు, అట్టి షేరును లేదు. సంఘమువారమని చెప్పి ఫోనులో ఓటీపీ అడిగిన వారెవరైనను సంఘమువారు కారు. మోసపోయినచో సిగ్గుపడి ఊరకుండక, వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపినచో సొమ్మును మధ్యలో నిలుపుటకు అంత అవకాశముండును.

సభ్యులు చేయవలసినవి

1. అప్పు పుచ్చుకొనునప్పుడు షేరు ధనముగా ఎంత మినహాయించిరో అడిగి, ఆ మొత్తమునకు వేఱుగా రసీదు పుచ్చుకొనుడు. అప్పు రసీదులో కలిపి వ్రాయించుకొనకుడు.

2. షేరు పత్రమును గాని, షేరు జమ వ్రాసిన పాసు పుస్తకమును గాని పట్టాదారు పాసు పుస్తకముతోపాటు భద్రపఱచుడు. ఇంటిలోని ఆడువారికి అది యెక్కడ నున్నదో చెప్పియుంచుడు.

3. నామినీ పేరు వ్రాయించితిరో లేదో సరిచూచుకొనుడు. వెనుక వ్రాయించిన వ్యక్తి గతించినచో మార్పించుడు.

4. సంఘపు ఉపనిబంధనలను చూపుమని అడుగుడు. పై దృష్టాంతములోని నూటికి 10 అనునది లెక్క తెలియుటకు మాత్రమే. మీ సంఘములో ఎంతయో ఉపనిబంధనలే చెప్పవలెను.

5. సర్వసభ్య సమావేశమునకు తప్పక రండు. జమాఖర్చులు చదువునప్పుడు లాభము, రిజర్వు నిధి, డివిడెండు అను మూడు అంకెలను వ్రాసికొనుడు.

6. కుటుంబమున భూమి గల స్త్రీలు వేఱుగా సభ్యులు కాదలచినచో అడ్డుచెప్పకుడు. వారికి వారి షేరు, వారి ఓటు.

సంఘమున షేరు గల ప్రతి సభ్యుడును ఆ సంఘపు కార్యాలయములోనికి అప్పు అడుగువానివలె మాత్రమే అడుగు పెట్టనక్కఱలేదు. అక్కడి పెట్టెలో తన ధనమున్నది; అక్కడి లెక్కలో తన పేరున్నది. గుమాస్తా బల్లకు ఈ తట్టున నిలిచినవాడు బాకీదారుడు. ఆ బల్లకు యజమానియు వాడే. కావున సమావేశపు నోటీసు వచ్చిననాడు పొలము పనిని ఒక పూట ఆపియైనను వెళ్ళి, షేరు పత్రము చేతబట్టి, లెక్క అడుగుడు.

— వ్యవసాయ ప్రదర్శకుడు, మెదకు